ఏడుపు వినపడే దూరం

నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మూడు శాలువాలు కప్పారు. పదవీ విరమణ నాడు గోడగడియారం ఒకటి ఇచ్చారు. మొదటి నెలలోనే అది కూడా విరమించుకుంది. అయితే నాకు జరిగిన అసలు సన్మానం ఏదని ఎవరైనా అడిగితే, ఒక ఆడకూతురు రెండు చేతులా నన్ను బురదమడిలోకి తోసెయ్యడమే అంటాను. శాలువాలు చిరిగిపోయాయి. ఆ బురద మాత్రం ఇంకా వదల్లేదు.

ఇది చదివేవాళ్ళలో పసిపిల్లల కేంద్రాల్లో పనిచేస్తున్న చిన్నవాళ్ళు చాలామంది ఉంటారని విన్నాను. మీకు ట్రైనింగులున్నాయి, బొమ్మల చార్టులున్నాయి, బరువు చూసే యంత్రాలున్నాయి. డెబ్భైల్లో మాకేమున్నాయంటే, ఒక ఆయా, ఒక తాటాకు పాక, డజను ఉయ్యాలలు, పాలపొడి డబ్బాలు, చివరగా నేను. ఉపయోగాన్ని బట్టి వరస పెట్టాను.

మాది మైలవరం పక్క మెట్ట ఊరు. బి.ఎ. పాసై రెండేళ్ళు బెజవాడ వీధులన్నీ కొలిచాక ఈ ఉద్యోగం దొరికింది. బెజవాడలో కొందరు పెద్దింటి అమ్మలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి పాత చీరలూ, గ్లాసులూ, పిడికెడు బియ్యమూ పోగుచేసి, కూలికెళ్ళే తల్లుల పసిపిల్లల్ని పగటిపూట చూసుకునే కేంద్రాలు నడిపేవారు. పటమట దాటాక కాలువ కింద పొలాల్లో ఒక కేంద్రం పెట్టి, దానికి సూపర్‌వైజరు కావాలన్నారు. చదువుకున్న ఆడపిల్లలెవరూ ఆ బురదలోకి రామన్నారట. చదువుకున్న మగవాణ్ణి, ఎక్కడికి రమ్మన్నా వచ్చే దశలో ఉన్నవాణ్ణి, నేను దొరికాను.

మా నాన్న ఊళ్ళో "మావాడు బెజవాడలో ఆఫీసరు" అని చెప్పుకునేవాడు. ఏ ఆఫీసని అడిగితే వానల సంగతి ఎత్తుకునేవాడు. అమ్మ మాత్రం పైకే అనేసింది, "నిన్ను ఊపడానికి నాకే బియ్యే అక్కర్లేకపోయిందిరా!" అని.

అమ్మ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

కాలువలకు నీళ్ళొదలగానే మాగాణి దున్ని, నీరు పెట్టి, బురద చేస్తారు. దాన్నే దమ్ము చెయ్యడం అంటారు. ఆ బురదలో ఆడవాళ్ళు వరసగా వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాట్లు వేస్తారు. మా కేంద్రం ఉన్న చోటికి ఏటా ఒక ముఠా వచ్చేది. ముప్ఫైమంది దాకా ఉండేవారు. వాళ్ళకి పెద్ద ఒక మేస్త్రమ్మ. అందరూ మా మైలవరం వైపు మెట్ట ఊళ్ళవాళ్ళే. మా చేలో మిరపకాయలు కోసిన చేతులే అయ్యుండొచ్చు. నేనెప్పుడూ చూడలేదు, చదువుకుంటున్నాను కదా. నాట్లు వేసేవాళ్ళంటే నాటు మనుషులనుకునే నీటు మనిషిని. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతికి గడియారం.

మా ఆయా గుణదల మనిషి. అరవై దాటి ఉంటాయి. అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. కొండమీద మరియమ్మ తల్లి తిరునాళ్ళకి తప్ప సెలవడిగి ఎరగదు. నాకు బి.ఎ., ఆవిడకి ఎనిమిది కాన్పులు. సూపర్‌వైజర్ని నేను.

వచ్చిన వారంలోనే నేను మూడు నియమాలు పెట్టాను. తల్లులు పూటకొక్కసారి, చెప్పిన వేళకే పిల్లల దగ్గరికి రావాలి. వాళ్ళు మధ్యలో వచ్చి పోతే మిగతా పిల్లలు గోల పెడుతున్నారు. పాలు గడియారం చూసి పట్టాలి. పాక చుట్టుపక్కల చుట్ట కాల్చకూడదు. మూడోది పెద్దమ్మ కోసం.

"చుట్ట మానేత్తే నాకు పొద్దు గడవదు బాబూ."

"పసిపిల్లలున్నచోట పొగ మంచిది కాదు పెద్దమ్మా."

"నా ఎనమండుగురూ ఈ పొగలోనే పుట్టారు."

"అందుకే ఐదుగురు మిగిలారేమో" అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ రోజుల్లో నేను మింగిన తెలివితక్కువ మాటల్లో అదొకటి. మింగనివి చాలా ఉన్నాయి.

వీటన్నిటికీ మించి ఒక కనిపెట్టుడు పని చేశాను. పన్నెండు ఉయ్యాలలకీ కలిపి ఒకే తాడు కట్టాను. గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఆ తాడు లాగితే పన్నెండూ ఒక్కసారి ఊగుతాయి. పిల్లలు కిక్కురుమనరు. ఒక చేత్తో తాడు, మరో చేత్తో రిజిస్టరు. "పిల్లలు ప్రశాంతంగా ఉన్నారు" అని రోజూ రాసేవాణ్ణి. సంఘం అమ్మలు చదివి ముచ్చటపడేవారు.

ముచ్చటపడనిది ఒక్క అమ్మాయే. పాతికేళ్ళుండవు. ముఠా బారులో ఎప్పుడూ గట్టుకు దగ్గరగా, ఆ చివరే నిలబడేది. గట్టు మీద మూడు కర్రలు కూర్చి, దానికి పాతచీర కట్టి, ఏడు నెలల కొడుకుని అందులో వేసి నాట్లలోకి దిగేది. నెత్తిన గుడ్డ కప్పేది గాని ఎండ ఎండే. ఒకరోజు నేనే వెళ్ళాను.

"ఎండలో ఎందుకమ్మా పిల్లాణ్ణి? అక్కడ పాక ఉంది, పాలున్నాయి, పెద్దమ్మ ఉంది, నేనున్నాను."

"అదేగా బయ్యం" అంది పక్కనున్నావిడ తల ఎత్తకుండానే. బారంతా నవ్వింది.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఆడనించి ఇనపడదండి" అంది.

"ఏం వినపడదు?"

"ఏడుపు."

"అబ్బే, మా కేంద్రంలో పిల్లలు ఏడవరమ్మా!" అన్నాను, బహుమతి అందుకునేవాడిలా.

నవ్వు ఆగిపోయింది. వంగి ఉన్న వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాటికి పాకలో ఇద్దరు పిల్లలు తగ్గారు, ఆ మర్నాటికి మరో ముగ్గురు. జ్వరాల కాలం కదా, ఏదో వచ్చి ఉంటుందనుకున్నాను. నాకు నేను ఎప్పుడూ గుర్తు రాను, కారణాలు వెతికేటప్పుడు.

ఇంతలో సంఘం ప్రెసిడెంటుగారి దగ్గర్నించి కబురు. పక్కూరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వస్తున్నారు, కేంద్రం నచ్చితే పక్కా బిల్డింగు కట్టిస్తారు. పాక ఖాళీగా కనిపిస్తే మాత్రం ఈ కేంద్రం ఎత్తేసి ఇంకోచోట పెట్టమంటారు. "మీ నిశ్శబ్దం గురించి వాళ్ళకి చాలా చెప్పానండీ పంతులుగారూ" అని చీటీ చివర రాశారావిడ.

నాకు ఉద్యోగం పోతుందన్న భయం. భయంలో ఉన్న సూపర్‌వైజరు చేసే పనే చేశాను. పైనించి చెప్పించాను. మేస్త్రమ్మ దగ్గరికి వెళ్ళి, కేంద్రం ఎత్తేస్తే పిల్లలందరూ ఎండపాలే అని నచ్చజెప్పాను. ఆవిడ ముఠాతో అంది, "రేపు పిల్లోణ్ణి పాకలో ఏసినోళ్ళే నాటుకి రండి. లేనోళ్ళు గట్టుమీద కూకోండి."

ఒక రోజు కూలి వదులుకునే స్థితి వాళ్ళలో ఎవరికీ లేదు. నాకది తెలుసు, తెలిసే చెప్పించాను.

మర్నాడు నాటు పాక పక్క మడిలోనే, పిలిస్తే పలికేంత దగ్గర. పొద్దున్నే పన్నెండు ఉయ్యాలలూ నిండాయి. చివరగా వచ్చింది ఆ గట్టుపక్క అమ్మాయి. పిల్లాణ్ణి నేను చేతులు చాచినా నాకివ్వలేదు, పెద్దమ్మకిచ్చింది.

"పెద్దమ్మా, పొద్దు ఆ తాటిచెట్టు మీదికొచ్చేతలికి ఈడు ఒక్కసారి ఏడుత్తాడు. రోజూ అంతే. ఏడవనియ్యి. ఆపమాక."

"అట్టాగేలేమ్మా."

"ఏడవకపోతే నేనొచ్చేత్తాను." ఈ మాట నన్ను చూస్తూ అంది.

నేను నవ్వాను. ఏడ్చే వేళకి హామీ అడిగే తల్లిని అదే మొదటిసారి చూడటం.

కారు పదకొండింటికి వస్తుందన్నారు. పదిన్నరకి పాలు పట్టించాను. పెద్దమ్మ ఒక్కొక్క పిల్లవాణ్ణీ భుజాన వేసుకుని, వీపు నిమురుతూ పాకంతా తిరగడం మొదలుపెట్టింది. ఇద్దరయ్యేసరికి పదిమూడు నిమిషాలయింది.

"పెద్దమ్మా, ఇలా అయితే కారు వచ్చి వెళ్ళిపోతుంది. పడుకోబెట్టెయ్యండి."

"తేన్పు రావాల బాబూ."

"ఆ తేన్పేదో రేపు వస్తుంది. మీరు వెళ్ళి రోడ్డు మీద నిలబడండి. కారు కనిపిస్తే చెయ్యి ఊపండి."

ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. మిగిలిన పదిమందినీ పడుకోబెట్టి, కొంగు దులుపుకుని వెళ్ళింది. నేను స్టూలు మీద కూర్చుని తాడు అందుకున్నాను. ఉతికిన తెల్లగుడ్డల ఉయ్యాలలు పన్నెండూ ఒకే తాళానికి ఊగుతున్నాయి. ఒక్క ఏడుపు లేదు, ఒక్క మూలుగు లేదు. ఉద్యోగంలో చేరాక అంత అందమైన దృశ్యం చూడలేదనుకున్నాను. పొద్దు తాటిచెట్టు మీదికి ఎప్పుడొచ్చిందో నేను చూసుకోలేదు. నేను చూస్తున్నది గడియారం.

పాకకీ మడికీ మధ్య సన్నటి గట్టు. ఆ గట్టు మీద మోకాళ్ళ దాకా బురదతో, చేతిలో నారుకట్టతోనే ఆ అమ్మాయి పరుగెత్తుకొస్తోంది. నేను లేచి గట్టు మొదట్లోనే ఎదురెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"ఇప్పుడు కాదమ్మా. అందరూ నిద్రపోతున్నారు."

"ఆడు ఏడవలా."

"నిద్రపోతున్నాడు కాబట్టి ఏడవలేదు. కారొచ్చే వేళ, నువ్విలా బురదకాళ్ళతో..."

"తప్పుకోండి."

"చెబుతుంటే వినవేం? అంతా ప్రశాంతంగా..."

ప్రశాంతంగా అన్న మాట పూర్తవలేదు. రెండు అరచేతులు నా గుండెల మీద పడ్డాయి. మరుక్షణం నేను దమ్ము చేసిన మడిలో వెల్లకిలా ఉన్నాను. కళ్ళలో, చెవుల్లో, నోట్లో బురద. లేవబోతే చేతులు మోచేతుల దాకా దిగిపోయాయి.

గట్టు పట్టుకుని తలెత్తేసరికి పాక గుమ్మంలోంచి ఆమె కనిపిస్తోంది. నాలుగో ఉయ్యాలలోంచి కొడుకుని తీసింది. వాడి తల వెనక్కి వేలాడింది. తాగిన పాలు బయటికొచ్చి ముక్కుకీ నోటికీ అడ్డం పడ్డాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమె అరవలేదు. వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. వేలితో నోట్లో పాలు తీసేసింది. ముక్కుకి నోరు ఆనించి పీల్చి ఉమ్మేసింది. మళ్ళీ చరిచింది. ఎంతసేపని అడక్కండి. నా గడియారంలోకి బురద వెళ్ళి ఆగిపోయింది.

అప్పుడు వాడు ఏడ్చాడు.

ముందు పిల్లికూతలా సన్నగా. తర్వాత గొంతు విప్పి, పాక కప్పు లేచిపోయేట్టుగా. దాంతో మిగతా పదకొండుమందీ లేచి అందుకున్నారు. నేను మడిలోనే మోకాళ్ళ మీద ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే, పొలంలో ముప్ఫైమంది ఆడవాళ్ళూ ఒక్కసారి నడుములెత్తి నిలబడి ఉన్నారు. వాళ్ళు ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డారో. ఏడుపు విన్నాక మేస్త్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఆఁ, ఇంక వంగండే" అంది. ఆ వంగడంలో నాకు వినపడిన నిట్టూర్పు ఇప్పటికీ వినిపిస్తుంది.

పాలు తాగాక పన్నెండుమందికీ తేన్పు రావాల్సిన వేళ, నాకు తీర్పు వచ్చింది. సరిగ్గా అప్పుడే కారు కూడా వచ్చింది.

ప్రెసిడెంటుగారు దిగారు. వెనకాల ఇద్దరు పెద్దమనుషులు. ముందు మడిలోంచి లేచి వస్తున్న నన్ను చూశారు. పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"పంతులుగారూ! ఏమిటండీ ఇది?"

"కాలు జారిందండీ."

"జారలేదమ్మగారూ, తోసింది" అంది వెనకనించి వస్తున్న పెద్దమ్మ. నన్ను తోయడం రోడ్డు మీంచే చూసి వచ్చి, గుమ్మంలోంచి మిగతా సంగతీ గ్రహించేసింది. "తోసి మంచి పని చేసింది."

ప్రెసిడెంటుగారు పాకలోకి వెళ్ళారు. పన్నెండుమంది ఏడుపుల మధ్య చెవులు మూసుకోబోయి, మానుకుని, ఆ అమ్మాయిని అడిగారు. "ఎందుకమ్మా తోశావు?"

"ఏడుపు ఇనపడలేదండి."

"ఏడవకపోతే మంచిదేగా?"

ఆ అమ్మాయి కొడుకుని భుజాన వేసుకుని వీపు రాస్తోంది. వాడి వెక్కిళ్ళు సద్దుమణుగుతున్నాయి. "ఏడుత్తంటే నాటేసుకుంటామండి. బతికే ఉన్నాడని తెలుత్తది. ఏడవకపోతేనే చేతులాడవు" అంది.

పెద్దమనుషుల్లో ఒకాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నేను అప్పటికి తేరుకున్నాను. పంచె నుంచి బురద కారుతుండగా, జరిగిందంతా చెప్పాను. తేన్పు సంగతి, పెద్దమ్మని రోడ్డు మీదికి పంపిన సంగతి, మేస్త్రమ్మ చేత చెప్పించిన సంగతి, తాడు సంగతి. తాడు గురించి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. నా తెలివికి అదొక్కటే సాక్ష్యం మరి.

ప్రెసిడెంటుగారు దగ్గర్లో ఉన్న ఉయ్యాలలోంచి ఏడుస్తున్న పిల్లని తీసి, పట్టుచీర సంగతి మరిచిపోయి, భుజాన వేసుకున్నారు. "నాకు ముగ్గురండీ పంతులుగారూ. ముగ్గుర్నీ ఆయాలే ఎత్తుకున్నారు. ఈ సంగతి నాకూ తెలియదు" అన్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యకపోవడానికి ఆ మాటే కారణమని నా నమ్మకం.

పెద్దమనుషులు బిల్డింగుకి ఒప్పుకునే వెళ్ళారు. బిల్డింగు కట్టిస్తే గోడకి రాయి ఉంటుంది, రాయి మీద పేరుంటుంది. పాకకి ఏముంది, తాటాకు!

ఆ సాయంత్రం తాడు విప్పుతుంటే పెద్దమ్మ పక్కన కూర్చుని చెప్పింది. ఆ అమ్మాయికి ముందొక ఆడపిల్ల పుట్టిందట. కూలికి వెళ్ళేటప్పుడు గోల చెయ్యకుండా ఉండటానికి ఇంట్లో ఎవరో నల్లమందు ఇసుమంత నాకించి పడుకోబెట్టారట. తల్లి పొలంలో ఉంది, గుడిసెలోంచి ఏడుపు లేదు, హాయిగా పని చేసుకుంది. సాయంత్రం ఇంటికెళితే పిల్ల లేవలేదు.

"మీరు 'పిల్లలు ఏడవరమ్మా' అన్నప్పుడు, మందు పెడతన్నారేమోనని అనుమానపడ్డారు బాబూ అందరూ. అందుకే పిల్లల్ని తీసుకుపోయారు."

నిశ్శబ్దం అన్న మాటలో కూడా శబ్దం ఉంది. బి.ఎ.లో తెలుగు చదువుకున్న నాకు అది వినపడలేదు. అక్షరం రాని ఆ అమ్మాయికి వినపడింది.

మర్నాడు పాకకి ఒక్కరూ పిల్లల్ని తేలేదు. నేను మడిగట్టు మీదికి వెళ్ళి, చెప్పులు విప్పి, ఆ అమ్మాయిని అడిగాను.

"ఎంత దూరమైతే వినపడుతుందమ్మా నీకు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గాలిని బట్టండి" అంది.

అక్కణ్ణించి మొదలైంది. బిల్డింగు లేచేదాకా పాక బదులు ఒక ఎద్దుబండి ఇప్పించమని ప్రెసిడెంటుగారిని బతిమాలాను. బండికి పైన గుడారం, కింద ఉయ్యాల కర్రలు. ముఠా ఏ మడిలో దిగితే బండి ఆ గట్టుకి. అయితే ఏ గట్టుకి? గాలి పడమట నుంచి వీస్తుంటే బండి పడమట ఉండాలి. అప్పుడే ఏడుపు గాలివెంట తల్లుల దగ్గరికి పోతుంది. గాలి ఎటు ఉందో తెలియాలంటే పొగ కావాలి. పొగ కావాలంటే చుట్ట కావాలి. నా మూడో నియమం అలా గాలికి పోయింది.

రోజూ పొద్దున్నే పెద్దమ్మ గట్టు మీద నిలబడి, తాపీగా చుట్ట వెలిగించి, ఒక్క పీల్పు పీల్చి వదిలేది. ముఠా అంతా ఆ పొగ ఎటు వంగుతుందా అని చూసేది. "తూరుపుకి తిరిగిందర్రా" అని ఎవరో అనేవారు. బండి కదిలేది. చుట్ట కాల్చినందుకు జీతమిచ్చిన సంఘం మాదొక్కటేనేమో!

తొలిరోజు బండి నిలిపాక ఆ అమ్మాయి మడిలో అవతలి చివరికి నడిచి వెళ్ళి, "ఏడిపించండి!" అని అరిచింది. పిల్లవాణ్ణి ఏడిపించడం ఎలాగో నాకు తెలియలేదు. నన్ను చూడటమే చాలింది, వాడే ఏడ్చాడు. ఆమె చెయ్యెత్తింది. ఇంకో మడి దాటింది. మళ్ళీ చెయ్యెత్తింది. ఇంకోటి. చెయ్యి లేవలేదు. "అంతేనండి! ఇంతకంటే దూరం వద్దు!" అంటూ తిరిగొచ్చింది. అదీ మా కేంద్రం పరిధి. ఏ కాగితం మీదా రాయలేదు.

ఆ నెలన్నర రోజుల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆకలి ఏడుపు, చీమ కుట్టిన ఏడుపు, నిద్ర చాలని ఏడుపు వేరువేరని నాకు తెలిసింది అప్పుడే. తల్లులు తలెత్తేవారు కాదు. బారులోనే తేలేది.

"ఒసే, నీదే."

"నాది కాదు. నాది అట్టా సాగదియ్యదు."

"ఎవుత్తె సాగదీత్తందో మొగుణ్ణి అడిగితే తెలుత్తది!"

నవ్వులు. నవ్వుల మధ్యే పిల్ల తల్లి ఎవరో తేలి, "పంతులుగోరూ, దానికి నిద్రొత్తంది, బోర్లా తిప్పండి!" అని కేక. నేను తిప్పేవాణ్ణి. మునుపు నేను తాడు లాగితే పన్నెండుమంది ఊగేవారు. ఇప్పుడు ముప్ఫైమంది కేకలకి నేనొక్కణ్ణి ఊగేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి కొడుక్కి పాలిచ్చి, పెద్దమ్మ ఇంకో పిల్లతో ఉండటం చూసి, వాణ్ణి నా వైపు చాచింది. "ఎత్తుకోండి. చేతికి ఆ గడియారం తీసెయ్యండి, గుచ్చుకుంటది." అది ఆగిపోయిందని చెప్పకుండా తీసి జేబులో వేసుకున్నాను. వాడు నా భుజం మీద గడ్డం ఆనించాడు. నేను వీపు నిమురుతూ గట్టు పొడుగునా నడిచాను. గట్టు చివర వాడు తేన్చాడు. నా చొక్కా మీద పాలు కూడా కక్కాడనుకోండి. బి.ఎ. పట్టా అందుకున్న రోజున నాకు ఇంత ఎత్తుకి ఎదిగినట్టు అనిపించలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె అప్పటికే నాట్లలోకి దిగి వంగి ఉంది. నన్ను చూడటం లేదు. చూడకపోవడమే నాకు దొరికిన పెద్ద సర్టిఫికెట్టు.

ఎగువ పొలాలకు నీరు ముందొస్తుంది, నాట్లు ముందైపోతాయి. దిగువ వాటికి ఆలస్యం. అందుకని ముఠా నీళ్ళ వెంట దిగువకు పోవాలి. ఆ రోజుల్లో కాలువల్లో ఇంకా పడవలు నడిచేవి. ముఠా అంతా ఒక పడవ మాట్లాడుకుంది. పెద్దమ్మ కూడా మూట కట్టింది.

"నువ్వెక్కడికి పెద్దమ్మా? నీ జీతం?"

"ఆళ్ళు పిడికెడు పిడికెడు గింజలు ఏత్తామన్నారు. నాకాడ చుట్టుందిగా, గాలి సూపిత్తా."

నా జేబులో ఆర్డరుంది. కొత్త బిల్డింగుకి ఇన్‌చార్జిని. పర్మనెంటు. ముందురోజే మా నాన్నకి ఉత్తరం కూడా రాసేశాను, ఈసారి ఏ ఆఫీసో చెప్పుకోవచ్చని.

పడవ దగ్గర ఆ అమ్మాయి అడిగింది, కొడుకుని చంకనేసుకుని. "మీరూ రారాదూ పంతులుగోరూ?"

"నాకు ఆర్డరొచ్చిందమ్మా."

"ఏం పని మీదండి?"

"బిల్డింగు చూసుకోవాలి."

ఆమె కొడుకుని ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంది. "బిల్డింగు ఏడుత్తదాండి?"

పడవలో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు చాలా ఏళ్ళ తర్వాత చెప్పుకున్నాను, నాలో నేనే.

ఆ బిల్డింగు పొలాలకు అరమైలు దూరంలో, రోడ్డు పక్కన లేచింది. చక్కటి గచ్చు, ఎత్తైన కిటికీలు, గోడకి రాయి. ఏ గాలికీ అక్కణ్ణించి ఏడుపు పొలానికి చేరదు. మరుసటి ఏడు ముఠా వేరే దారిన పోయింది. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళ పిల్లలు కొందరు వచ్చేవారు, ప్రార్థన పాడి ఇంటికెళ్ళేవారు. నేను గచ్చు తుడిపించి, రిజిస్టరులో "ప్రశాంతంగా ఉన్నారు" అని రాసేవాణ్ణి. పెద్దమ్మ మళ్ళీ గుణదల వచ్చిందని, ఆ తర్వాత పోయిందని, ఆలస్యంగా తెలిసింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఫ్లాట్లయ్యాయి. ఇప్పుడు నేనుండే నాలుగో అంతస్తు సుమారుగా ఆ మడి మీదే ఉండాలి. అంటే నేను మళ్ళీ అక్కడే పడ్డాను, కాస్త ఎత్తులో. చుట్టూ అందరూ కిటికీలు బిగించుకుని ఉంటారు. కింద ఎవరైనా బీడీ వెలిగిస్తే బాల్కనీలోంచి వంగి, పొగ ఎటు తిరుగుతుందో చూస్తాను. చూసి, చేసేదేమీ లేక లోపలికొస్తాను.

మీలో ఎవరైనా మీ కేంద్రం చూడటానికి రమ్మని పిలిస్తే వస్తాను. ఒక్క ఏడుపైనా వినపడేదాకా మాత్రం గుమ్మంలోనే నిలబడతాను, ఏమీ అనుకోకండి.

ఆ రోజు పడవ కదలబోయేముందు నేను వాడి చేతిలో బెల్లం ముక్క పెట్టాను. వాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని చీకుతున్నాడు. పడవవాడు గెడ వేశాడు. పడవ నెమ్మదిగా ఒడ్డు వదిలింది. నేను గట్టు మీద నిలబడ్డాను. ఒక పొలం దూరం పోయాక ఆ అమ్మాయి లేచి నిలబడింది. నాకేసి చూసి నవ్వి, వాడి చేతిలోంచి బెల్లం ముక్క లాగేసుకుంది.

వాడు గొంతెత్తాడు.

"పంతులుగోరూ! ఇనపడతందా?"

"వినపడుతోంది!" అని అరిచాను.

పడవ రెండో మడి దాటింది. "ఇనపడతందా?"

"వినపడుతోంది!"

మూడో మడి. గాలి నాకు ఎదురుగా, నా వైపే వీస్తోంది. పెద్దమ్మ పడవ చివర చుట్ట వెలిగించి చూపించింది. ఏడుపు సన్నబడి, దారంలా సాగి, నీళ్ళ చప్పుడులో కలుస్తోంది. పడవ మలుపు తిరిగింది. మలుపు అవతల నుంచి ఆమె గొంతు ఒక్కటే, "ఇనపడతందా?" అని.

బెల్లం ముక్క తిరిగి ఇచ్చేసిందో, దూరమే పెరిగిందో. నాకైతే ఏమీ వినపడలేదు.

"వినపడుతోందమ్మా!" అని అరిచాను.

ఉద్యోగంలో నేనిచ్చిన తప్పుడు రిపోర్టులన్నిటికీ సిగ్గుపడతాను, ఆ ఒక్కదానికి తప్ప.